కొసరు వీసా

కాగిత సామ్రాజ్యం అనగానే ఇదేదో కూలిపోయిన రాజవంశం కథ అనుకోవద్దు. కాగిత ఆమె ఇంటిపేరు. సామ్రాజ్యం ఆమె నాయనమ్మ పేరు, మనవరాలికి పెట్టారు. కృష్ణా జిల్లాలో ఈ రెండూ ఒకచోట కలవడం వింతేమీ కాదు. ఆ పేరు మోసే మనిషికి ఉన్న రాజ్యమల్లా ఒక తోపుడు బండి, బండి మీద వెదురు గంప, గంపలో మరమరాలూ వేయించిన శనగపప్పూ, వాటి మీద నిప్పులు నింపిన చిన్న మట్టి పిడత. ఆ పిడత వేడికి కిందున్న పప్పు చల్లారకుండా కరకరలాడుతుంది. అందుకని దాన్ని పిడత కింద పప్పు అంటారు. బెజవాడలో ఆ మాట వింటే నోట్లో నీళ్ళూరతాయి గానీ, పిడత ఎందుకు, కింద ఎందుకు అని ఎవరూ అడగరు.

సామ్రాజ్యం ఇరవై రెండేళ్ళుగా ఆ బండితోనే బతికింది. బండి ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు వచ్చి "జరుపు" అనేవారు. ట్రాఫిక్ పోలీసు జరపమన్నాడు. నగలకొట్టు వాచ్‌మన్ జరపమన్నాడు. మునిసిపాలిటీవాళ్ళు నోటితో అనే శ్రమ కూడా పడకుండా బండిని లారీ ఎక్కించుకుపోయారు, మూడుసార్లు. అలా జరిగీ జరిగీ ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. తలుపున్న కొట్టు. పైన తన పేరు, చేతిలో తన తాళంచెవి. పొద్దున్నే తలుపు తీసి, బోణీ చేసి, మొదటి డబ్బును కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకోవాలి. ఎవరూ జరపమనకూడదు. బెజవాడలో గజం నేల ధర తెలిసినవాళ్ళెవరూ ఈ కోరికను చిన్నదనరు.

మేరీ సుహాసిని అని ఒక నర్సు ఆమె పాత బేరం. ఆ అమ్మాయి ఉద్యోగం మీద ఉత్తర సముద్రంలో ఉన్న ఒక చిన్న దేశం వెళ్ళింది. ఆ దేశం పేరు మనవాళ్ళ నోరు తిరగక అందరూ చలిదేశం అనేవారు, మనమూ అలాగే అందాం. సెలవుకు వచ్చినప్పుడు సుహాసిని ఒక డబ్బా పప్పు పట్టుకెళితే ఆసుపత్రిలో డాక్టర్లు వరస కట్టారట. ఊరి నడిబొడ్డున కొట్లన్నీ ఖాళీగా ఉన్నాయనీ, అక్కడివాళ్ళకు వ్యాపారం చేసే ఓపిక పోయి, బయటి నుంచి వచ్చి కొట్టు పెడతామంటే ప్రభుత్వమే వీసా ఇచ్చి కొట్టూ చూపిస్తోందనీ ఫోన్లో చెప్పింది. తలుపుంటుందా అని సామ్రాజ్యం అడిగింది. తలుపు లేకపోతే చలికి చచ్చిపోతామక్కా అని సుహాసిని అంది. సామ్రాజ్యానికి ఆ జవాబు చాలు.

వీసాలు ఇప్పించే గొరిపర్తి వినోద్ ఆఫీసు మొగల్రాజపురంలో ఉంది. కుర్రవాడు చురుకైనవాడు, మర్యాద తెలిసినవాడు. ఆ దేశపు నిబంధనలు రెండే రెండని చెప్పాడు. ఒకటి, పెట్టబోయే వ్యాపారం ప్రపంచంలో ఇంతకు ముందు ఎవరూ చేసి ఉండకూడదు. రెండు, ఆ వ్యాపారం మూడేళ్ళపాటు లాభసాటిగా నడిపినట్టు రుజువులు జతచేయాలి.

ఎవరూ చేయనిదాన్ని మూడేళ్ళు ఎవరు చేసినట్టు అని సామ్రాజ్యం అడిగింది. ఆ ప్రశ్న తానూ మొదట్లో అడిగేవాడిననీ, ఇప్పుడు మానేశాననీ వినోద్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఉదాహరణకు ఒక ఇడ్లీల ఆసామిని చూపించాడు. ఆయన దరఖాస్తులో ఇడ్లీ అనే మాటే లేదు. 'ఆవిరి ఆధారిత ధాన్య గోళ వేదిక' అని రాశారు. వీసా వచ్చింది. ఇప్పుడు ఆయన అక్కడ ఇడ్లీలే అమ్ముతున్నాడు గానీ, గోళాకారంలో అమ్మవలసి రావడం వల్ల చట్నీ నిలబడక ఇబ్బంది పడుతున్నాడు.

దరఖాస్తు నలభై గడులు. వినోద్ అడుగుతుంటే సామ్రాజ్యం చెప్పింది. పప్పు ఎక్కడ కొంటారు, ఎలా వేయిస్తారు, ఉల్లిపాయ ఎప్పుడు వేస్తారు, నిమ్మకాయ ఎప్పుడు పిండుతారు. ముప్పై ఒకటో గడిలో 'అమ్మకం పూర్తయిన తరువాత ఏమి జరుగును?' అని ఉంది. ఏం జరుగుద్ది, కొసరు అడుగుతారు అంది సామ్రాజ్యం. దానికి ఇంగ్లీషులో ఏమనాలో వినోద్‌కు తోచలేదు. భోజనం వేళ మించిపోతోంది కూడా. కొసరు అని ఉన్నదున్నట్టు రాసేసి సంతకం పెట్టించాడు. మనిషి బద్ధకం వల్ల చరిత్రలు మారతాయంటే ఇదే.

ఇంటర్వ్యూ వినోద్ ఆఫీసులోనే, పెద్ద తెర మీద జరిగింది. అటువైపు నవ్యతా నిర్ధారణ మండలి వారు ముగ్గురు కూర్చున్నారు. నడుమ అధ్యక్షుడు. పక్కన దుబాసీ, ఉపద్రష్ట కేశవరావుగారు. ఆయనది బందరు. ముప్పై అయిదేళ్ళ కిందట భాషాశాస్త్రం చెప్పడానికి ఆ దేశం వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ప్రభుత్వం మాటను ప్రభుత్వం మాటలాగే పలకాలని ఆయన నియమం. అందువల్ల అధ్యక్షుడు అక్కడ మామూలుగా ఏం మాట్లాడేవాడో మనకు తెలియదు. ఇటువైపు మాత్రం తామ్రశాసనంలాగే వినపడేది.

"అభ్యర్థిని తన నామధేయమును సామ్రాజ్యమని ప్రకటించియున్నది. మా దేశమున సామ్రాజ్య స్థాపనకు అనుమతి లేదు. అభ్యర్థిని ఉద్దేశ్యమేమి?"

"ఉద్దేశమేముందండీ, అది మా నాయనమ్మ పేరు."

ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. పితామహి విషయమున మండలికి అభ్యంతరము లేదని కేశవరావుగారు తెలియజేశారు. తర్వాత పిడత వంతు వచ్చింది. పప్పు పిడత కింద ఉంటే పిడతలో ఏమున్నదన్నారు. నిప్పులన్నది. నిప్పులు విక్రయింపబడునా అన్నారు. నిప్పులెవరు కొంటారన్నది. విక్రయమునకు లేనిది పైన, విక్రయమునకు ఉన్నది కింద, గమనించితిమి అని రాసుకున్నారు. చివరికి అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని, వేయించిన ధాన్యమును మానవజాతి వేల సంవత్సరములుగా నములుచునే ఉన్నదనీ, ఇందులో నవ్యత ఎక్కడున్నదనీ అడిగాడు. వినోద్ తల దించుకున్నాడు. తలుపూ బోర్డూ తాళంచెవీ అన్నీ కలిసి కళ్ళముందే కరిగిపోతున్నాయని ఆమెకు అర్థమైంది.

కాయితాలు మూసేసే ముందు అధ్యక్షుడి వేలు ముప్పై ఒకటో గడి మీద ఆగింది. కొసరు అను పదమును నిర్వచింపుమన్నాడు.

"నిర్వచనం ఏవుందండీ. పొట్లం కట్టిస్తాను. తిన్నాక చెయ్యి చాపుతారు. ఇంకాస్త వేస్తాను."

దానికి మూల్యమెంత అన్నారు. కొసరుకు ఎవరన్నా డబ్బులు తీసుకుంటారా అన్నది. పరిమాణమెంత అన్నారు. చేతికొచ్చినంత. ఒప్పంద పత్రమున వ్రాయబడునా? దానికి రాతకోతలెందుకు? ఎవరైనను నిరాకరింపబడిన సందర్భము కలదా?

"చెయ్యి చాపినోళ్ళకి లేదని ఎట్టా అంటావండీ?" అంది సామ్రాజ్యం.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసేశాడు. ఎడమవైపు సభ్యుడు నిఘంటువు తెప్పించాడు. అరగంట తర్వాత కేశవరావుగారు లేచి నిలబడి తీర్పు చదివారు.

"మూల్యము లేక, పరిమాణము లేక, పత్రము లేక జరుగుచున్న ఈ వాణిజ్య క్రియకు మా భాషలో పదము సైతము లేదు. కావున కొసరు నవ్యము. అసలు నవ్యము కాదు. అభ్యర్థినికి మా దేశమున కొసరు ఇచ్చుటకు వీసా మంజూరు చేయడమైనది. అసలు విక్రయించుట నిషిద్ధము."

వినోద్ ఎగిరి గంతేసి స్వీట్లు తెప్పించాడు. అసలు లేకుండా కొసరెట్టా వేస్తారు బాబూ అని సామ్రాజ్యం నెమ్మదిగా అడిగింది. ముందు విమానం ఎక్కండి పిన్నిగారూ, అక్కడికెళ్ళాక చూసుకుందాం అన్నాడు వినోద్. మన దేశం నుంచి బయల్దేరే విమానాల్లో సగం ఈ ఒక్క మాట మీదే గాల్లోకి లేస్తాయి. ఆమె కూడా ఎక్కింది.

కొట్టుకు తలుపుంది. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క తలుపు, ఇత్తడి గొళ్ళెం. మొదటి రోజు సామ్రాజ్యం ఆ తలుపును పదకొండుసార్లు తీసింది, పదకొండుసార్లు వేసింది. పని ఉండి కాదు, సంతోషం పట్టలేక. పైన బోర్డు కూడా ఉంది గానీ దాని మీద ఆమె పేరు లేదు. అనుమతి పొందిన వ్యాపారం పేరు తప్ప మరేదీ రాయకూడదట. అందుకని తెలుగులో పెద్ద అక్షరాలతో 'కొసరు' అనీ, కింద వాళ్ళ భాషలో పద్నాలుగు వరసల వివరణా రాశారు. నిప్పులకు అనుమతి లేదు కాబట్టి పిడతలో ఒక బల్బు పెట్టారు.

పొద్దున్నే సుహాసిని చెప్పగా ఒక డాక్టరు వచ్చి, పప్పు చూసి ముచ్చటపడి, ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టబోయాడు. తెల్లవారినప్పటి నుంచీ మూల నిలబడి ఉన్న మండలి ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యి పట్టుకున్నాడు. డబ్బు పుచ్చుకుంటే అది అసలవుతుంది. సరే, ఊరికే తీసుకోండి బాబూ అని సామ్రాజ్యం పిడికెడు తీసింది. ఇన్‌స్పెక్టరు ఈసారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెంట వచ్చిన కేశవరావుగారు వివరించారు.

"అసలు లేనిచో అది కొసరు కాదు, దానము. దానమునకు వేరొక మండలి కలదు."

డాక్టరు వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ముప్పై మంది వచ్చి, చూసి, వాసన పీల్చి వెళ్ళిపోయారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ఆ దేశంలో లేదు గాని, ఉంటే ఆ పూట అందరూ అనుకునేవారు. కేశవరావుగారు కూడా చివరిదాకా గుమ్మంలోనే నిలబడి గుటకలు మింగారు. ప్రభుత్వోద్యోగి కొసరు పుచ్చుకోకూడదు, అసలేమో దొరకదు.

ఇన్‌స్పెక్టరు మంచివాడు. సమస్యను పైకి రాశాడు. మూడు వారాలకు మండలి సవరణ పంపింది. అసలును అభ్యర్థిని అమ్మరాదు గాని, యాభై అడుగుల లోపలనున్న ఏ దుకాణమున ఏ అసలు కొన్నను, ఆ రసీదుపై అభ్యర్థిని కొసరు ఇవ్వవచ్చును. టేపు పట్టి కొలిస్తే యాభై అడుగుల్లో ఉన్నది ఒకే కొట్టు. పక్కది. దాని యజమాని హెన్రిక్ అనే పెద్దమనిషి. గొడుగులు అమ్ముతాడు. అమ్ముతాడనడం మర్యాదకే. అంతకు ముందు ఏడాదిలో ఆయన అమ్మింది రెండు గొడుగులు, అందులో ఒకటి వాళ్ళ చెల్లెలికి.

అలా ఆ ఊళ్ళో గొడుగు కొంటే పిడికెడు పిడత కింద పప్పు ఇవ్వడం మొదలైంది. జనం గొడుగులు కొన్నారు. మళ్ళీ పప్పు తినాలనిపించి మళ్ళీ కొన్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆసుపత్రిలో మత్తుమందు డాక్టరుకు పంతొమ్మిది గొడుగులు తేలాయి. ఇళ్ళల్లో జాగా చాలక జనం గొడుగులను వీధిలో వదిలేయసాగారు. మునిసిపాలిటీ గోల పెట్టింది. హెన్రిక్‌కు గొడుగులు తెప్పించడం కష్టమైంది. మండలి మళ్ళీ కూర్చుని, కొనుగోలు ముఖ్యము గాని వస్తువు ముఖ్యము కాదని తేల్చింది. ఇక హెన్రిక్ గొడుగు ఇవ్వనక్కర లేదు. డబ్బు తీసుకుని రసీదు ఇస్తే చాలు.

హెన్రిక్ పొద్దున్నే వచ్చి, కుర్చీలో కూర్చుని, రసీదులు చింపేవాడు. అతని గుమ్మం ముందు వరస వీధి మలుపు దాకా ఉండేది. పక్క కొట్లో సామ్రాజ్యం పప్పు వేయించి, ఉల్లిపాయ తరిగి, కారం కలిపి, నిమ్మకాయ పిండి, రసీదు చూపినవాళ్ళకల్లా గుప్పెడేసి వేసేది. ఆమె బతుకు గడవడానికి మండలి నవ్యతా పరిరక్షణ భత్యం అని నెలనెలా ఇంత పంపేది. హెన్రిక్ మనిషి చెడ్డవాడు కాదు. సాయంత్రాలు ఆమెకు కాఫీ తెచ్చిచ్చేవాడు. తన గొడుగుల్లో ఏ గుణం చూసి జనం ఇలా ఎగబడుతున్నారో తనకే తెలియడం లేదని కేశవరావుగారి ద్వారా అనేవాడు.

ఈలోపు కొసరు మాట దేశమంతా పాకింది. పేపర్లు రాశాయి. విశ్వవిద్యాలయంలో కొసరు విభాగం తెరిచి ఒక ఆచార్యుణ్ణి వేశారు. ఆయన కొసరు ఎప్పుడూ తినలేదు గాని దాని మీద ఆరు వందల పేజీలు రాశాడు. ప్రభుత్వ శాఖలన్నీ కొసరు పాటించాలని మంత్రిగారు ఉత్తర్వు వేశారు. అప్పటి నుంచి సిటీ బస్సు ఆఖరి స్టాపు దాటి కొసరుగా అర మైలు పోయి దింపేది. జనం వెనక్కి నడిచి వచ్చేవారు. పళ్ళ డాక్టరు పుచ్చిన పన్నుతోపాటు పక్కది కూడా తీసేవాడు. న్యాయస్థానంలో ఒక దొంగకు ఆరు నెలల శిక్షా, కొసరుగా నాలుగు రోజులూ వేశారు. దొంగ అప్పీలు చేసుకున్నాడు. కొసరు మీద అప్పీలు లేదన్నారు. వేరే ఊళ్ళ నుంచి అధికారులు బృందాలుగా వచ్చి సామ్రాజ్యం చేతి గుప్పిటను ఫోటోలు తీసుకునేవారు. ఒకాయన ఆమె గుప్పిట కొలతలు తీసుకుని, దేశపు ప్రామాణిక కొసరు ఇరవై మూడు గ్రాములని ప్రకటించాడు. ఆ రోజు నుంచి బల్ల మీద ఒక త్రాసు వచ్చి కూర్చుంది. కొసరును త్రాసులో తూచడం సామ్రాజ్యానికి పరమ రోతగా అనిపించింది. ఇన్‌స్పెక్టరు అటు తిరిగినప్పుడు ఇంకో నాలుగు గింజలు పడేసేది.

ఒక ఆదివారం సుహాసిని వచ్చింది. ఊరంతా నీ పేరే అక్కా అంది. నా పేరెక్కడుందే, బోర్డు మీద కూడా లేదు అంది సామ్రాజ్యం. పప్పు చెరుగుతూనే మనసులో ఉన్నది చెప్పేసింది.

"బోణీ కాలేదే సుహాసినీ. పదకొండు నెలలైంది. రోజూ తలుపు తీస్తన్నా, దీపం పెడతన్నా, పొద్దుగూకేదాకా చేతులు నొప్పెట్టేట్టు వేస్తన్నా. ఒక్క పైసా నా చేతిలో పెట్టినోడు లేడు. బోణీ కాని కొట్టు కొట్టవుద్దా? బండి మీదన్నా పొద్దున్నే ఏడింటికల్లా బోణీ అయ్యేది."

సుహాసిని, ఏడాది పూర్తయితే వీసా పునరుద్ధరణ ఉంటుందనీ, అప్పుడు అసలు కూడా అమ్ముకోనిమ్మని అడగమనీ సలహా ఇచ్చింది. ఆ సలహాను సామ్రాజ్యం గట్టిగా పట్టుకుంది. ఇంత పేరొచ్చింది కదా, ఇన్ని వరసలు కట్టారు కదా, ఒక్క పొట్లం అమ్ముకోనిస్తే వీళ్ళ సొమ్మేం పోయింది అనుకుంది.

పునరుద్ధరణ సభ మండలి భవనంలో జరిగింది. నమూనా తెమ్మన్నారు కాబట్టి ఒక స్టీలు డబ్బా నిండా పప్పు కలిపి పట్టుకెళ్ళింది. దానికి 'సాక్ష్యం-2' అని చీటీ అంటించి బల్ల మీద పెట్టారు. కొట్టు తాళంచెవి సాక్ష్యం-1. హెన్రిక్ కూడా వచ్చి మంచి కోటు వేసుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు ఏడాది లెక్కలు తెప్పించి చూసి నిట్టూర్చాడు. కేశవరావుగారు గొంతు సవరించుకున్నారు.

"అభ్యర్థిని వ్యాపారమున ఏడాదికి అమ్మకము సున్న. ఏ పునరుద్ధరణకైనను కొంత అమ్మకము అవసరము. హెన్రిక్ మహాశయుని అమ్మకమో, అమేయము. వస్తువు లేకయే రసీదు విక్రయించు వారి పద్ధతి నవ్యమని నిర్ధారించి, వారికి జాతీయ నవ్యతా పతకము ప్రకటించడమైనది."

హెన్రిక్ లేచి సిగ్గుపడుతూ నమస్కారం పెట్టాడు. తనకు ఏమవుతుందని సామ్రాజ్యం అడిగింది. మండలి దయలేనిది కాదనీ, అభ్యర్థిని కోసం ప్రత్యేకంగా ఒక కొత్త వీసా రూపొందించిందనీ చెప్పి, ఒక కాయితం ఆమె ముందు పెట్టారు. తాళంచెవి తీసి హెన్రిక్ ముందు పెట్టారు. కాయితం మీద మర్యాదకు తెలుగులో కూడా రాశారు. అసలు: హెన్రిక్. కొసరు: కాగిత సామ్రాజ్యం. అంటే, ఆ దేశంలో హెన్రిక్ ఉన్నంతకాలం, హెన్రిక్‌తోపాటుగా, హెన్రిక్ కొట్లో ఆమె ఉండవచ్చు. బోర్డు కూడా రెంటికీ కలిపి ఒకటే ఉంటుంది. ఆమె మాత్రం కొంచెం జరిగి పక్క గుమ్మంలో నిలబడాలి.

సామ్రాజ్యం ఆ కాయితాన్ని రెండుసార్లు చదివింది. కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళలో ట్రాఫిక్ పోలీసు మీద కూడా రానంత కోపం.

"కొసరు వెయ్యటం నా చేతిలో పని," అంది. "కొసరుగా పడుండటం నావల్ల కాదు. ఈ వీసా నాకొద్దు."

కేశవరావుగారు అనువదించడానికి తడబడ్డారు. ఆ దేశపు భాషలో వీసా, వద్దు అనే రెండు మాటలు ఒకే వాక్యంలో ఎప్పుడూ పడలేదు. మండలి సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత దస్త్రాలు తెప్పించారు. వెతికించారు. గంటసేపటి తర్వాత అధ్యక్షుడు లేచాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

"ఈ మండలి ఆవిర్భవించిన నాటి నుండి మంజూరైన వీసాను నిరాకరించిన అభ్యర్థి లేడు. కావున నిరాకరణము సర్వథా నవ్యము. అభ్యర్థినికి నిరాకరణ వ్యాపారము నడుపుటకు అయిదేళ్ళ వీసా మంజూరు చేయడమైనది. ప్రత్యేక దుకాణము, బోర్డుపై స్వనామము, తాళంచెవి ఇవ్వబడును. ఎవరు వచ్చి ఏమి అడిగినను లేదనుటయే వ్యాపారము. మరేదియు ఇవ్వరాదు."

ధ్రువపత్రం రాశారు, ఎర్ర ముద్ర వేశారు, చేతికిచ్చారు. దాని పక్కనే కొత్త తాళంచెవి ఒకటి పెట్టారు. సామ్రాజ్యం రెంటినీ చూస్తూ నిలబడింది. తలుపు తనదే. పేరు తనదే. ఎవరూ జరపమనరు. చెయ్యాల్సిందల్లా చెయ్యి చాపినవాళ్ళకు లేదనడం. అయిదేళ్ళు.

సభ ముగిసిందని గంట కొట్టారు. సామ్రాజ్యం కదల్లేదు. అప్పుడు కేశవరావుగారు కుర్చీలోంచి లేచి బల్ల ఇవతలికి వచ్చారు. డబ్బా మూత సందులోంచి ఉల్లిపాయా నిమ్మకాయా కలిసిన వాసన వస్తోంది. ఆ వాసన ఏడాదిగా ఆయన్ని చంపుతూనే ఉంది. ఎవరి మాటా అనువదించకుండా, తన సొంత నోటితో, బందరు తెలుగులో అడిగారు.

"అమ్మాయ్, ముప్పై అయిదేళ్ళయిందమ్మా. ఒక పొట్లం కట్టు."

అని కోటు జేబులోంచి ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టారు.

లేదనాలి. అలా అనమనే వీసా ఇచ్చారు, అప్పటికి ఇంకా సిరా ఆరలేదు. అధ్యక్షుడూ, సభ్యులూ, హెన్రిక్ అందరూ ఆమెనే చూస్తున్నారు. సామ్రాజ్యం కొత్త తాళంచెవి వైపు ఒకసారి చూసింది. బాధ కలిగింది. ఆ తలుపంటే ఆమెకు నిజంగానే ఇష్టం. తర్వాత సాక్ష్యం-2 మీది చీటీ పీకేసి, మూత తీసింది. పొట్లానికి కాయితం కోసం అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్నదే వాటంగా ఉండటంతో ఎర్ర ముద్ర బయటికి వచ్చేలా ధ్రువపత్రాన్ని శంఖంలా చుట్టి, కొస మడిచి, నిండుగా పోసి ఇచ్చింది. నాణెం తీసుకుని కళ్ళకద్దుకుంది. ఏడాదికి బోణీ అయింది. కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు.

అధ్యక్షుడు లేచి నిలబడి, ఏమి జరుగుతోంది, అభ్యర్థిని ఏమంటున్నది, అని గట్టిగా అడిగాడు. దుబాసీ నోటి నిండా పప్పు ఉండటం వల్ల ఆ ప్రశ్న తెలుగులోకి రాలేదు. జవాబు అటు వెళ్ళలేదు. కేశవరావుగారు కళ్ళు మూసుకుని, తొందరేమీ లేకుండా, పొట్లం అడుగుదాకా తిన్నారు. తిని, కాయితం దులిపి, చెయ్యి చాపారు.

సామ్రాజ్యం గుప్పెడు తీసి వేసింది.